దొరగారి దొంగతనం

"ఈ జిల్లాలో దిష్టి తీయువారు, మంత్రము వేయువారు, పుల్ల పట్టి నీళ్లు చూచువారు, మేఘములతో మాట్లాడువారు వగైరా యావన్మందీ దేశరక్షణ నిమిత్తం శుక్రవారం సాయంత్రం అయిదు గంటలలోపు తమ తమ శక్తులను మూడు ప్రతులలో దాఖలు చేయవలెను. ఏ శక్తీ లేనివారు లేదని దాఖలు చేయవలెను."

కింద సంతకం: సర్ ఎవెరార్డ్ పింగ్రీ, ఉపకమిషనర్, ప్రజాధైర్య శాఖ.

ఈ ప్రకటనను మా వెంబర్‌కూంబ్ చర్చి తలుపుకి మేకులు కొట్టి తగిలించిన అదృష్టం నాదే. అది పంధొమ్మిదివందల నలభై, ఆగస్టు. ఫ్రాన్సు పడిపోయింది. ఇక జర్మన్లు సముద్రం దాటడమే తరువాయి అని రేడియో రోజూ చెబుతోంది. నేను, రూబెన్ చగ్, ఆ చర్చిలో గంటలు మోగించేవాణ్ణి. శత్రువు దిగితే తప్ప గంట మోగకూడదని సర్కారు ఆర్డరు వేసింది. శత్రువు దిగడు, గంట మోగదు. ఊరికే కూర్చుని తింటున్నానని జాలిపడి, తోలుపెట్టె మొయ్యడానికీ, చెప్పింది రాయడానికీ పింగ్రీ దొరగారు నన్ను తన దగ్గర పెట్టుకున్నారు. అంతటి మనిషి పక్కన నిలబడి చరిత్ర చూసే యోగం ఎంతమందికి పడుతుంది?

ప్రకటన వేసిన సాయంత్రమే ఊరి హాల్లో దొరగారు ప్రసంగించారు.

"శత్రువు దగ్గర జ్యోతిష్కులున్నారని రూఢిగా తెలిసింది. మన ప్రాంతీయ కార్యాలయంలో నాలుగు వందల టైపురైటర్లున్నాయి. ఒక్క మంత్రగత్తె లేదు. ఇది మనకి సిగ్గుచేటు!"

చప్పట్లు మోగాయి. వెనకనించి ఎవరో లేచి, "దొరగారూ, మంత్రాలు చేస్తోందని కిందటేడు ఒకామెని మీరే జైలుకి పంపారు కదండీ?" అన్నారు.

"అది శాంతికాలం" అన్నారు దొరగారు. ఆ ఒక్క మాటతో లేచినవారు కూర్చుండిపోయారు. మహానుభావులకి మాటలు ఎక్కువ అక్కర్లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆగస్టు ఎండలో కూడా దొరగారు కుడిచేతికి తొడుగు వేసుకునేవారు. ఆ చేతి నిండా పులిపిర్లు. పదిహేడు. నేను లెక్కపెట్టాను, తొడుగు తొడిగేది నేనే కాబట్టి. పై శనివారం లండన్ నించి మంత్రిగారు తనిఖీకి వస్తున్నారు. కరచాలనం తప్పదు. ఈ బెంగ దొరగారు ఎవరికీ చెప్పలేదు. దేశం బెంగల ముందు స్వంత బెంగ ఎంత అని కాబోలు.

శుక్రవారానికి దరఖాస్తులు రెండే వచ్చాయి. మొదటివాడు నీళ్లపుల్ల ఆంబ్రోస్. పరీక్ష పెడితే వాడి పుల్ల తిన్నగా ఫాదరీగారి నేలమాళిగలోకి తీసుకెళ్లింది. అక్కడ దొరికింది నీళ్లు కాదు. ఫాదరీగారు కోరినమీదట ఆ ఫైలు మూసేశాం. రెండో దరఖాస్తు థర్జా యో అవ్వది.

సోమవారం పొద్దున్న దొరగారూ నేనూ అవ్వ ఇంటికి వెళ్లాం. సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండకొమ్మున ఉంటుంది ఆ ఇల్లు. డెబ్భై నాలుగేళ్ల మనిషి. ఆ ఇంటికే కాపురానికి వచ్చింది, ఆ ఇంటినించే మొగుణ్ణి సాగనంపింది. ఆ పొయ్యిలో నిప్పు నలభై ఆరేళ్లుగా ఆరలేదు. రాత్రి బూడిద కప్పి, తెల్లవారి ఊది లేపుతుంది. ఇప్పుడు బల్లమీద సైన్యంవారి కాగితం ఒకటి ఉంది. అక్కడ ఫిరంగి పెడతారట. శనివారం మధ్యాహ్నానికి ఇల్లు ఖాళీ చెయ్యాలట. పన్నెండు దాటితే గోడలు పడగొడతారట.

"ఏమేం చేస్తావమ్మా నువ్వు?" అని అడిగారు దొరగారు.

"పులిపిర్లు పోగొడతానండి. కారే నెత్తురు ఆపుతాను. తామర, ముల్లు. అంతే."

అది నిజమే. చిన్నప్పుడు కొడవలి నా పాదంలో దిగితే ఈవిడే ఏదో గొణిగి నెత్తురు ఆపింది. ఆ కాలుమీదే ఇవాళ్టికీ నడుస్తున్నాను.

"సైన్యాలూ?"

"సైన్యాలతో ఎవరూ రాలేదండి నా దగ్గరికి, ఇప్పటిదాకా."

"నీ మంత్రానికి సూత్రం ఏమిటి?"

అవ్వ ఆలోచించింది. "ఉండకూడని చోట మొలిచింది ఊడిపోవాలి."

దొరగారు కళ్లు మూసుకున్నారు. "రాసుకో చగ్. జర్మన్ సైన్యానికి ఇంతకంటే మంచి నిర్వచనం యుద్ధశాఖవాళ్లు కూడా ఇవ్వలేదు." నేను రాసుకున్నాను.

"సామగ్రి ఏం కావాలమ్మా? మొహమాటపడకు. సామ్రాజ్యం మొత్తం నీ వెనక ఉంది."

"బేకన్ ముక్క ఒకటి కావాలండి. దాంతో రుద్ది, మట్టిలో పాతిపెడతాను. అది కుళ్లేకొద్దీ ఇది ఊడొస్తుంది."

"అంతేనా! నా రేషన్ కార్డు మీద ఇవాళే..."

"పనికిరాదండి. దొంగిలించిందై ఉండాలి."

దొరగారు నావైపు చూశారు. నేను పెన్సిల్ వైపు చూశాను.

"కొన్నది పనికిరాదా?"

"రాదండి."

"బహుమానంగా వచ్చిందో?"

"దొంగిలించిందే కావాలి. మా అమ్మ అలాగే చేసేది, వాళ్లమ్మా అలాగే చేసేది. ఇంకోటండి. డబ్బివ్వకండి, థాంక్స్ చెప్పకండి. రెంటిలో ఏది చేసినా మంత్రం చచ్చిపోద్ది. నా ఇల్లు నాకుంచండి, చాలు."

"అది మాత్రం కూలి కాదా?"

"నాది నాకిస్తే కూలెలా అవుద్దండీ?"

దొరగారు పెట్టె తెరిపించి ఒక సర్టిఫికెట్ చూపించారు. అందులో పేరున్నవాళ్లు దేశానికి అత్యవసరమైన పనిలో ఉన్నవాళ్లని అర్థం. వాళ్ల ఇంటి జోలికి సైన్యం పోకూడదు. అవ్వ చెయ్యి చాపింది. దొరగారు దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టించారు.

"పని కానీ. కాగానే."

మంగళవారమంతా టెలిఫోన్ల మీద గడిచింది. సర్కారు దొంగతనం చెయ్యవచ్చునా అన్నది ఇంతవరకూ ఎవరూ లిఖితపూర్వకంగా అడగని ప్రశ్న. సాయంత్రానికి ప్రాంతీయ కార్యాలయం నించి తంతి వచ్చింది: "నాలుగు ఔన్సుల లోపు దొంగతనానికి అనుమతించడమైనది. సొంతదారుకు రసీదు ఇవ్వవలెను."

దొరగారు మాంసం కొట్టు ఈలై హానఫర్డ్‌ని పిలిపించి తలుపులేసి విషయం చెప్పారు. ఈలై టోపీ చేతిలో నలుపుతూ విన్నాడు.

"ఎన్నింటికి దొంగిలిస్తారండి దొరగారూ?"

"రేపు పదకొండున్నరకి."

"కొవ్వున్నదా, లేనిదాండీ?"

"అది నాకెందుకు చెబుతున్నావయ్యా? నీకేమీ తెలియకూడదు!"

"అర్థమైందండి. సన్నగా కోయించి ఉంచుతాను."

బుధవారం పదకొండున్నరకి కొట్టు ఖాళీ. కిటికీ తెరిచి ఉంది. గట్టుమీద పింగాణీ పళ్లెంలో బేకన్ ముక్క, పక్కన కొత్తిమీరలాంటి ఆకు అలంకారం. దొంగతనానికి ఎవరూ అడ్డురాకుండా కానిస్టేబుల్ వెనర్ బయట కాపలా. ముక్క తీసుకుని, రసీదు పెట్టి, కొండెక్కాం.

అవ్వ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని పక్కన పడేసింది. "ఇది పెట్టిన ముక్క. తీసిన ముక్క కాదు."

అల్పులైతే అక్కడితో ఆగిపోయేవారు. దొరగారు ఆగలేదు. "చగ్, రేపు నేనే స్వయంగా దొంగిలిస్తాను. ఎవరికీ చెప్పకు. దేశం కోసం పింగ్రీలు ఏదైనా చేస్తారు" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు చూశాను.

గురువారం రేషన్ రోజు. కొట్టులో పన్నెండుమంది ఆడవాళ్లు వరసలో ఉన్నారు. ఆరడుగుల దొరగారు లోపలికి వచ్చి, కాసేపు పైకప్పుకేసి చూసి, గట్టుమీది ముక్క ఒకటి తీసి టోపీలో వేసుకుని, టోపీ తలమీద పెట్టుకున్నారు. తొందరలో తూకంరాయి కింద పడింది. అది ఫ్లోరీ చబ్ కాలివేలి మీదే పడింది. ఫ్లోరీ పళ్లు బిగపట్టి, "వానొచ్చేలా ఉంది కదూ?" అంది. మిగిలిన పదకొండుమందీ వానేనని ఒప్పుకున్నారు. బయట ఎండ కాల్చేస్తోంది.

మేం వీధి మలుపు తిరిగేలోగా ఈలై రొప్పుతూ వెనక పరిగెత్తుకొచ్చాడు. దొరగారి మొహం వెలిగింది.

"దొరగారూ! దొరగారూ!" ఈలై ఒక పొట్లం చేతిలో పెట్టాడు. "సాసేజీలు రెండు. తమరు తీసుకోడం మర్చిపోయారు."

అవ్వ ఈసారి వాసన కూడా చూడలేదు.

"ఎవరన్నా అరిచారా?"

"లేదు."

"వెంటపడ్డారా?"

దొరగారు సాసేజీల పొట్లం వెనక్కి దాచుకున్నారు.

"మరింకేం దొంగతనమండీ అది? కిందున్న పచ్చికమైదానం మా తాతల రోజుల్లో ఊరందరి గొర్రెలదీ. తమ తాతగారు కంచె వేసి తీసుకున్నారు. మైదానానికి మైదానమే పోయినా ఊళ్లో ఒక్కరు దొంగతనం అన్లేదు. చట్టం అన్నారు. ఇంక బేకన్ ముక్కకి ఎవరంటారండీ? తమరు తీస్తే అది దొంగతనం అవదు దొరగారూ. తమరి తప్పు కాదులెండి, అలా కుదిరిపోయింది."

చరిత్రలో ఏ పింగ్రీకీ ఇంత అవమానం జరగలేదు. దొరగారు తిన్నగా కానిస్టేబుల్ వెనర్ ఇంటికి నడిచారు. వెనర్ ముల్లంగి దుంపలు తవ్వుకుంటున్నాడు.

"వెనర్! నన్ను అరెస్టు చెయ్యి."

"ఎందుకండీ?"

"దొంగతనం చేశాను. ఇదిగో ముక్క. ఇదిగో టోపీ, లోపలంతా కొవ్వు."

"టోపీ మా ఆవిడ శుభ్రం చేసిపెడుతుందండి."

"అరెస్టు చెయ్యమంటున్నానా!"

"ఫిర్యాదు ఉండాలి కదండీ. ఇందాకే ఈలైని అడిగానండి. మీరు ఎప్పుడొచ్చినా సంతోషమే అన్నాడు." వెనర్ పుస్తకం తీసి, పెన్సిల్ మొన నాలుకమీద తడుపుకుని రాశాడు. నేను భుజంమీంచి చదివాను: "ఒక పెద్దమనిషి పరధ్యానంగా ఉండెను."

శుక్రవారం వచ్చింది. అవ్వకి మిగిలింది ఒక్క రోజు. పొద్దున్న కొండమీదికి వెళ్లి చూస్తే కుర్చీలు, గిన్నెలు ఇంటి ముందు వరసగా పెట్టి ఉన్నాయి. పొయ్యిమాత్రం వెలుగుతోంది. ఒక ఇనపబాల్చీ పక్కన పెట్టుకుని కూర్చుంది.

"నిప్పుని దీంట్లో మోసుకెళ్లచ్చంటావా రూబెన్?"

"ఎక్కడికి అవ్వా?"

అవ్వ బాల్చీ అడుగున బూడిద పరిచింది.

దొరగారు ఉపాయం ఆలోచించారు. "చగ్, నువ్వు దొంగిలించు. నేను ఆర్డరు వేస్తున్నాను."

"ఆర్డరు వేస్తే అది డ్యూటీ అవుతుందండి" అన్నాను. దొరగారు ఒప్పుకుని, మూడోసారి తానే ప్రయత్నిస్తానని బయల్దేరారు. టోపీ పట్టుకుని వెనక నేను.

రేషన్ రోజు కాకపోయినా కొట్టులో అదే పన్నెండుమంది. దొరగారు గట్టుమీదికి ఒంగి, కావాలని తూకం పడేసి, అందరూ చూసేలా ముక్క ఎత్తి గాలిలో ఆడించారు. ఆడవాళ్లు పన్నెండుమందీ వాన గురించి మాట్లాడుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు నా చెయ్యి నన్నడక్కుండా ముందుకెళ్లి, ఇంకో ముక్క తీసి, నా జేబులో పెట్టింది.

"దొంగ!"

మొట్టమొదట అరిచింది దొరగారే. "దొంగ! పట్టుకోండి! యుద్ధకాలంలో ప్రజల తిండి!" ఫ్లోరీ చబ్ గొడుగుతో నా మెడమీద ఒకటిచ్చింది. పన్నెండుమందీ ఒకేసారి నన్ను తిట్టారు. ముల్లంగి మట్టి చేతులతోనే వెనర్ వచ్చి కాలరు పట్టుకున్నాడు. అంతా నిమిషంలో అయిపోయింది. మా ఊరి పోలీసు ఇంత చురుగ్గా ఉంటాడని నాకు తెలియదు.

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా రూబెన్" అన్నాడు ఈలై బాధగా.

మధ్యాహ్నం హాల్లోనే కోర్టు పెట్టారు. మేజిస్ట్రేటు దొరగారే. ఆయన నిష్పక్షపాతం చూసి తీరాలి. వారంరోజులుగా తన పెట్టె మోసిన మనిషినని మొహంలో ఎక్కడా కనబడనివ్వలేదు. "నీ పేరు?" అని నన్నే అడిగారు. ఆస్తిహక్కు పవిత్రతమీద నలభై నిమిషాలు మాట్లాడి పద్నాలుగు రోజులు వేశారు. తీర్పులో "ఈ బేకన్ ముక్క నిస్సందేహంగా దొంగిలించబడినది" అని రాయించి, ముద్ర వేయించి, సాక్ష్యం కింద ఉన్న ముక్కని స్వయంగా భద్రపరుస్తానని టోపీలో పెట్టుకుని వెళ్లిపోయారు.

జైలుబండికి పెట్రోలు సోమవారంగానీ రాదట. అందాకా నన్ను వెనర్ ఇంటి బట్టలుతికే గదిలో పెట్టి గొళ్లెం వేశారు. సాయంత్రం అవ్వ కూరకుక్కిన రొట్టె పట్టుకొచ్చి కిటికీలోంచి అందించింది.

"ముక్క బాగా పనికొచ్చిందిరోయ్. ముట్టుకుంటేనే తెలిసింది."

"అయితే జర్మన్లు పోయినట్టేనా?"

అవ్వ కిటికీ అంచున మోచేతులు ఆనించింది. "ముక్క ఒకటే, ఒక్కదానికే పనిచేస్తుంది అని చెప్పాను. దేశపటం ముందు పరిచి ఉంది. మీ దొర తొడుగు తీసి చెయ్యి కూడా పక్కనే పెట్టాడు. 'ఏది రుద్దమంటారండీ, పులిపిర్లా, జర్మన్లా?' అన్నాను."

"ఏమన్నారు?"

"చాలాసేపు ఆలోచించాడు పాపం. పటంకేసి చూశాడు, చేతికేసి చూశాడు, గడియారంకేసి చూశాడు. 'జర్మన్ల సంగతి వచ్చేవారం రేషన్ వచ్చాక చూద్దాం' అన్నాడు."

ఎంత ముందుచూపు! పైవారం రేషన్ గురించి కూడా ఆలోచించే నాయకులు ఎందరుంటారు?

అవ్వ జాకెట్టులోంచి కాగితం తీసి చూపించింది. పేరు, థర్జా యో. అత్యవసర వృత్తి, మంత్రగత్తె, మూడో తరగతి. "సైన్యంవాళ్లు దీన్ని ఒప్పుకుంటారంటావా?"

"ముద్ర ఉంది కదా."

కాగితం మడిచి మళ్లీ జాకెట్టులో పెట్టుకుంది. "నీకు థాంక్స్ చెప్పనురా రూబెన్."

"వద్దులే అవ్వా."

"చెబితే చెడిపోద్ది." వెళ్లిపోయింది.

శనివారం తెల్లవారేసరికి పదిహేడు పులిపిర్లూ రాలిపోయాయని వెనర్ భార్య పాలవాడి ద్వారా విని వచ్చి చెప్పింది. తొడుగు పారేశారట. పసిపిల్లాడి చెయ్యిలా ఉందట. పదిగంటలకి తంతి వచ్చింది. మంత్రిగారి ప్రయాణం వాయిదా.

పన్నెండింటికి కెప్టెన్ రడ్కిన్ ఇరవైమంది సిపాయిల్నీ, గునపాల్నీ తీసుకుని కొండెక్కడం కిటికీలోంచి కనిపించింది. అరగంట తర్వాత ఒక్క ఇటుక కూడా కదలకుండా దిగి వచ్చారు. అవ్వ ఇంటి పొగగొట్టంలోంచి పొగ మామూలుగానే వస్తోంది.

కెప్టెన్ టెలిఫోను కోసం వెనర్ ఇంటికే వచ్చాడు. కొండకి దగ్గర్లో ఉన్న టెలిఫోను అదే. పటం పరిచి, "సముద్రం ఇదే కోణంలో కనబడే చోటు ఇంకేముంది?" అని అడిగాడు. వెనర్ వేలు పెట్టి చూపించాడు. "ఆ పచ్చికమైదానం అండి. మధ్యలో దొరగారి బంగళా ఉంటుంది."

పావుగంటలో దొరగారు పరిగెత్తుకొచ్చారు. ఆయన పరిగెత్తడం మా ఊరు మొదటిసారి చూసింది.

"కెప్టెన్! మీవాళ్లు నా మైదానంలో గునపాలు దించుతున్నారు! నేనెవరో తెలుసా?"

"తెలుసుకుందామనే చూస్తున్నాను సర్." కెప్టెన్ చాలా మర్యాదస్థుడు. జేబులోంచి అత్యవసర వృత్తుల జాబితా తీశాడు. "మీ వృత్తి?"

"ఉపకమిషనర్, ప్రజాధైర్య శాఖ."

కెప్టెన్ ఓపిగ్గా పేజీలు తిప్పాడు. "కమ్మరి ఉన్నాడు. గొర్రెలకాపరి ఉన్నాడు. శవపేటికలు చేసేవాడు ఉన్నాడు. మంత్రగత్తెని మీ శాఖవాళ్లే ఈమధ్య చేర్పించారు. ఉపకమిషనర్ లేడు సర్."

దొరగారు లండన్‌కి ఫోను చేశారు. లండన్‌వాళ్లు అది ఏ శాఖని మూడుసార్లు అడిగి పెట్టేశారు.

"పోనీ సర్, రోజూ ఏం పని చేస్తారో చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు కెప్టెన్.

దొరగారు నోరు తెరిచారు. నా గది తలుపు సందులోంచి నేను చూస్తున్నాను, గుమ్మంలోంచి వెనర్, వెనర్ భార్య చూస్తున్నారు. అందరం సాయం చేద్దామనే ఆలోచించాం. ఎవరికీ ఏమీ తట్టలేదు.

"ఇబ్బంది లేదు సర్" అన్నాడు కెప్టెన్. "వృత్తి తేలనప్పుడు అరచెయ్యి చూసి రాయమని రూలుంది. కాయలు, గడ్డలు ఏవైనా ఉంటే చాలు. మీ కుడిచెయ్యి చూపిస్తారా?"

దొరగారి మొహం విప్పారింది. ఈ వారమంతా ఏ చేతికోసం పడరానిపాట్లు పడ్డారో ఆ చేతిని గర్వంగా ముందుకి చాపారు.

కెప్టెన్ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, వెలుతురులోకి తిప్పి, ఇటూ అటూ చూసి, వేళ్ల మధ్య కూడా చూసి, జాగ్రత్తగా దొరగారికి తిరిగి ఇచ్చేశాడు. తర్వాత గుమ్మంలోకి నడిచి కొండకింద మైదానంలో ఉన్న సిపాయిలకి చెయ్యి ఊపాడు.

"తవ్వండి!"